జన్మకొకసారి చూడవలసిన చోట్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఇప్పుడే వేపపూత పచ్చడి తిని కూర్చున్నాము. నోటిలో ఆ చేదు ఉండగానే నాలుగు మంచిమాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు నన్ను ఇక్కడ నిలువబెట్టినారు. విషయమును మాత్రము నేను ఎన్నుకొనలేదు. మన సంఘపు యువకులు ఒక పట్టిక వ్రాసుకొని మా యింటికి వచ్చి, “తాతగారూ! మీరు ఓడలలో ఉద్యోగము చేసి ముప్పది యేండ్లు లోకమంతా తిరిగినారు గదా! మనిషి పుట్టినందుకు ఒక్కసారియైనా చూడవలసిన చోట్లేవో మాకు చెప్పండి” అని అడిగినారు. వారి పట్టికలో ఈజిప్టు పిరమిడ్లు, జోర్డాను దేశపు పెట్రా, కంబోడియాలోని అంగ్కోర్ వాట్, అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ, పెరూ దేశపు కొండలలోని మాచు పిచ్చు ఉన్నవి. మంచి పట్టికయే. వీనిలో మొదటి మూడు నేను చూచినాను. కడమ రెండింటిని చూచు యోగము నాకు పట్టలేదు గనుక వాటిని చూచినట్లు మాటలాడను.

మొదట పిరమిడ్ల సంగతి. మా ఓడ అలెగ్జాండ్రియా రేవులో సరకు దింపుచుండగా రెండు రోజులు సెలవు దొరికినది. నలుగురము కలిసి కైరో పోయి, అక్కడనుండి గిజా చేరినాము. ఫోటోలో చూచి ఇంతేగదా అనుకొనుట వేరు, దాని అడుగున నిలిచి తల యెత్తుట వేరు. పెద్ద పిరమిడ్డు కట్టి సుమారు 4500 సంవత్సరములైనది. దానిలో ఇరువదిమూడు లక్షల రాళ్ళుండునని అంచనా. క్రింది వరుసలో ఒక్క రాయి నా రొమ్ముదాక వచ్చినది. రాజు సమాధి అది. అయినను నాకు రాజు జ్ఞప్తికి రాలేదు, ఆ రాళ్ళు లాగిన కూలివాని భుజము జ్ఞప్తికి వచ్చినది.

ఇక పెట్రా. మన దేశపు ఎరువుల కర్మాగారములకు ఫాస్ఫేటు రాయి జోర్డాను దేశపు అకాబా రేవునుండి వచ్చును. ఆ రాయి నింపుకొనుటకు మా ఓడ అక్కడ లంగరు వేసినది. అకాబానుండి పెట్రాకు బస్సులో రెండు గంటల దారి. ఊరి మొదట ఒక కొండ చీలిక. కిలోమీటరుకు మించిన పొడవు, రెండు వైపుల నిట్రాయిగా గోడలవంటి కొండలు, కొన్ని చోట్ల రెండు బండ్లు తప్పుకొనుటకు కూడ చాలని వెడల్పు. ఆ ఇరుకులో నడిచి నడిచి, ఒక మలుపు తిరుగునప్పటికి ఎదుట గులాబిరంగు కొండ ముఖమున సుమారు నలుబది మీటర్ల ఎత్తున స్తంభములతో, శిల్పములతో ఒక భవనము. కట్టినది కాదు, కొండలో తొలిచినది. రెండువేల యేండ్లకు పూర్వము నబతీయులను అరబ్బు వర్తకజాతివారు తొలిపించినారు. నా నోట మాట రాలేదు. పక్కనున్నవారిని చూచితిని, వారికిని రాలేదు.

అప్పుడు మాకు దారి చూపించు ముసలాయన నన్ను ఒక ప్రశ్న వేసినాడు: “మీది హిందూదేశము గదా. కొండను పైనుండి క్రిందికి తొలిచి గుడి చేసిన పనివారు మీ దేశములో ఉన్నారని విన్నాను. నీవు చూచినావా?” నేను గొప్పగా, “ఎల్లోరా కైలాసము ఉన్నది” అన్నాను. “చూచినావా?” అని మరల అడిగినాడు. లేదన్నాను. “మీ ఊరి దగ్గర అటువంటిది ఏదైనా ఉన్నదా?” అన్నాడు. ఏమియు లేదని చెప్పి ముందుకు నడిచినాను.

మహాజనులారా, నేను చెప్పినది అబద్ధము. అబద్ధమని అప్పుడు నాకే తెలియదు, అది మరింత సిగ్గుచేటు. మనము కూర్చున్న ఈ కోవిల్‌పట్టికి ఇరువది కిలోమీటర్ల దూరమున కళుగుమలై ఉన్నది. నాకు పుట్టువెండ్రుకలు తీయించినది ఆ కొండ క్రింది మురుగన్ కోవెలలోనే. ఏటేటా తిరునాళ్ళకు బండి కట్టుకొని పోయినాము, బొమ్మలు కొన్నాము, చెరకు నమిలినాము. కొండ మీదికి మాత్రము ఎక్కలేదు. పైన ఏమున్నదని ఎవరును చెప్పలేదు, నేనును అడుగలేదు.

సెలవుకు వచ్చిన వారమునందే ఎక్కినాను. అక్కడ వెట్టువాన్ కోవిల్ అని యున్నది. ఎనిమిదవ శతాబ్దపు పాండ్యుల కాలము నాటిది. కొండ చరియను మూడు వైపుల నిలువుగా త్రవ్వి, నడుమ మిగిలిన ఒక్క బండనే గుడిగా చెక్కినారు. శిఖరము మొదలు పెట్టి క్రిందికి దిగినారు. పనివాడు చెక్కని రాతి మీద నిలిచి చెక్కును, చెక్కిన కొలది తానే క్రిందికి దిగును. అందుచేత సారువ కట్టనక్కరలేదు. అయితే ఒక్క ఉలి దెబ్బ తప్పినచో అతుకు వేయుటకు వీలులేదు. శిఖరము చుట్టు నందులు, గణములు, ఉమామహేశ్వరులు ఉన్నారు. మృదంగము వాయించు దక్షిణామూర్తి ఉన్నాడు. గురువుగా మౌనముద్రలో కూర్చుండు స్వామిని మద్దెలతో చూచినది నేను అక్కడనే. క్రింది భాగము మాత్రము చెక్కకయే విడిచిపెట్టినారు. కొడుకు పనితనము చూచి ఓర్వలేక తండ్రియే వానిని చంపినాడనియు, అందుచేత పని ఆగిపోయినదనియు ఊరివారు ఒక కథ చెప్పుకొందురు. అదే కొండ మీద జైన తీర్థంకరుల విగ్రహములు బండ పొడవునా వరుసలు తీరి యున్నవి. ఎల్లోరా కైలాసమును రాష్ట్రకూటులు చేయించినదియు ఆ శతాబ్దమునందే. ఇది దానియంత పెద్దది కాదు. కాని పెట్రాలో ఆగిపోయిన నా ఊపిరి ఇక్కడను ఒక్క క్షణము ఆగినది. ఇక్కడ ఆగుటకు బస్సు టిక్కెట్టు చాలినది.

దగ్గరిది ఎప్పుడైనా చూడవచ్చునని అనుకొందుము. అందుచేతనే ఎప్పుడును చూడము. దూరపు ఊరికి తేదీ పెట్టుకొందుము, డబ్బు కూడబెట్టుకొందుము. పక్క ఊరికి తేదీ ఉండదు.

అయితే దూరదేశములకు పోవద్దని నేను చెప్పుచున్నానని యువకులు అనుకొనరాదు. పెట్రా పోకున్న నాకు కళుగుమలై తెలిసియుండదు. పోవుటయే మంచిది. కాని పోవునప్పుడు ఇంటినుండి ఏదైనా మూటకట్టుకొని పోవలెను. ఒక దృష్టాంతము చెప్పెదను. ఉద్యోగము విరమించిన పిమ్మట అంగ్కోర్ వాట్ చూచినాను. పన్నెండవ శతాబ్దమున సూర్యవర్మ విష్ణువునకు కట్టించిన గుడి అది. తూర్పు వసారాలో గోడ పొడవునా, సుమారు ఏబది మీటర్లు, క్షీరసాగర మథనము చెక్కియున్నారు. ఒక వైపు అసురులు, ఒక వైపు దేవతలు, నడుమ విష్ణుమూర్తి. చుట్టునున్న తెల్లదొరలు పుస్తకములు తెరచి, వీరెవరు వారెవరు అని వెదకుకొనుచున్నారు. నాకు పుస్తకము అక్కరలేకపోయినది. మా అవ్వ చెప్పిన కథ అది. ఆమె నాకు అన్నము కలిపి ముద్దలు పెట్టుచు, కవ్వము తిప్పినట్లు చేతులు తిప్పి చూపినది. ఎనిమిదివందల యేండ్ల నాటి రాతి ముందు నిలిచి, ఆ ముద్ద రుచి నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఆ అవ్వ సంగతి చెప్పకుండ ఈ ప్రసంగము ముగించుట న్యాయము కాదు.

మాది ఈ నల్లరేగడి మెట్ట ఊరే. అవ్వకు జన్మలో ఒక్కటే కోరిక. శ్రీవిల్లిపుత్తూరులో ఆడిపూరము నాడు గోదమ్మ తేరు చూడవలెనని. విరుదునగరునుండి సుమారు నలుబదియైదు కిలోమీటర్లు, అంతే. ప్రతి యేడు అడుగును. ప్రతి యేడు మా యింటిలో ఒక జవాబు ఉండును. దుక్కి ఉన్నది. ఎద్దుకు బాగులేదు. చేతిలో డబ్బు లేదు. వచ్చే యేడు చూతము. నేను ఓడ ఉద్యోగములో చేరిన తరువాత డబ్బు లేదను జవాబు పోయినది, సెలవు లేదను జవాబు వచ్చినది. 1986లో నేను సెలవుకు వచ్చునప్పటికి అవ్వకు రెండు కన్నులును పోయినవి. నీరుకాసులు అన్నారు. ఇక చూపు రాదన్నారు.

అయినను కారు మాటలాడి తీసికొనిపోయినాను. తేరు దినము కాదు, మామూలు దినము. గోపురము ఎదుట దింపి చేయి పట్టుకొన్నాను. అవ్వ తల పైకెత్తి, “ఏమి అగుపిస్తుందిరా నాయనా? చెప్పు” అన్నది.

“పెద్ద గోపురము అవ్వా” అన్నాను.

“పెద్దదంటే ఎంత? అట్లా చెప్తే నాకెట్లా అగుపిస్తుంది?”

నాకు మాటలు రాలేదు. వచ్చిన మాటలు కొన్ని అరవములో వచ్చినవి, కొన్ని ఇంగ్లీషులో వచ్చినవి. అవ్వ నా చేయి నొక్కి, “తెలుగులో చెప్పరా, నాకు అగుపించాలంటే” అన్నది.

అప్పుడు అంతస్తులు పైకి లెక్కపెట్టినాను. ఒకటి, రెండు, మూడు. పదకొండు. ఒక్కొక్క అంతస్తుకు ఆమె కూడ వ్రేలు మడచినది. ఎత్తు సుమారు 190 అడుగులు. మన తాటిచెట్లు మూడు ఒకదానిపై ఒకటి నిలిపినట్లు అని చెప్పినాను. శిఖరము మీద కలశములు, కలశముల మీద పావురములు అని చెప్పినాను. “ఆఁ, ఇప్పుడు అగుపిస్తుంది” అన్నది. లోపల విష్ణుచిత్తులవారికి పసిబిడ్డగా గోదమ్మ దొరికిన తులసివనమునకు తీసికొనిపోయినాను. ఆకు కోయనీయరు గనుక క్రింద రాలిన ఆకు ఏరి చేతిలో పెట్టినాను. స్వామికి కట్టిన మాలను గోదమ్మ తాను ముడుచుకొని నీడ చూచుకొన్నదని చెప్పు బావి దగ్గర నిలిచి, “నా మొగము అగుపిస్తుందేమో చూడరా” అని నవ్వినది. ఆ నవ్వు నేను మరువలేదు. మరుసటి యేడు నేను సముద్రము మీద ఉండగా అవ్వ పోయినది.

ఆ దినమున నాకు రెండు సంగతులు తెలిసినవి. ఒకటి, ఆలస్యము చేసితిని. రెండు, ఇంటిలో తెలుగు మాటలాడుదును గాని ఒక గోపురమును వర్ణించునంత తెలుగు నాకు లేదు. చదువుట అసలే రాదు. బడిలో అరవము, ఇంగ్లీషు నేర్చినాను. ఓడకు తిరిగి పోవునప్పుడు మదరాసులో ఒక పెద్దబాలశిక్ష కొన్నాను. ముప్పదేండ్లు దాటిన తరువాత, యంత్రశాల పని ముగించుకొని, రాత్రులు అ ఆలు దిద్దినాను.

అక్షరములు వచ్చిన పిమ్మట ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయినాను. శ్రీకృష్ణదేవరాయలు విజయనగరమున కూర్చుండి వ్రాసిన ఆముక్తమాల్యద కథ జరిగినది ఎక్కడ? మన శ్రీవిల్లిపుత్తూరులో. కృష్ణాతీరపు శ్రీకాకుళములో ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగులో వ్రాయుమన్నాడని రాయలే చెప్పుకొన్నాడు. తుంగభద్ర ఒడ్డున నున్న రాజు, కృష్ణ ఒడ్డున కన్న కలతో, మన ఊరి పక్కనున్న పూలమాలను గూర్చి తెలుగు ప్రబంధము కట్టినాడు. నేటికిని తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరునుండియే గోదమ్మ మాల పోవుచున్నది. తెలుగుదేశమువారు ఇంత దూరము వచ్చి ఆ కోవెలను చూచిపోవుచున్నారు. పక్కనే యుండి, ఆ కథ మన భాషలో ఉన్నదని ఎరుగని తెలుగువారము మనము.

కనుక యువకుల పట్టికను నేను కొట్టివేయను. దానికి ముందు రెండు పుటలు చేర్చుచున్నాను.

మొదటి పుట ఒక్క దినములో పోయిరాదగినది. కళుగుమలై, ఉదయము ఎండ ముదరకముందే ఎక్కవలెను. తరువాత బండ కాలును. శ్రీవిల్లిపుత్తూరు. దారిలో తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయము. తూర్పున పదునైదు కిలోమీటర్ల దూరమున ఎట్టయాపురము. 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఇల్లు, 1835లో ముత్తుస్వామి దీక్షితులు సమాధియైన చోటు అక్కడనే ఉన్నవి. తిరునెల్వేలి దారిలో కయత్తారు; 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మనను ఉరితీసినది అక్కడ. కట్టబొమ్మన వంశము కూడ మనవలెనే ఉత్తరమునుండి వచ్చిన తెలుగు వంశమే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్, అది కి. రాజనారాయణన్‌గారి ఊరు. ఇంటిలో తెలుగు మాటలాడి, అరవములో వ్రాసి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందిన రచయిత. మన పెద్దలు ఏరులు దాటి, అడవులు దాటి దక్షిణమునకు వచ్చిన ప్రయాణమును 1976లో ‘గోపల్ల గ్రామము’ అను నవలగా వ్రాసినారు. లోకయాత్రలన్నిటికంటె మనకు ముందు తెలియవలసిన యాత్ర అది. జూన్ మొదలు సెప్టెంబరు వరకు కుట్రాలము జలపాతములు. మధుర మీనాక్షి, 1636 నాటి తిరుమల నాయకుని మహలు.

రెండవ పుట నాలుగైదు దినములది. మన పెద్దలు విడిచి వచ్చిన దారి వెంబడి వెనుకకు నడచుట. హంపి, చలికాలములో పోవలెను. కడప జిల్లాలో పెన్నానది కొండను కోసిన గండికోట. గ్రాండ్ కాన్యన్ చూడలేని నావంటివాడు అక్కడ నిలిచి తృప్తిపడవచ్చును. కర్నూలు వైపున మూడు కిలోమీటర్లకు పైగా భూగర్భములో సాగు బెలుం గుహలు. ఓరుగల్లు దగ్గర 1213 నాటి రామప్ప గుడి. 2021లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది.

మూడవ పుట యువకులు వ్రాసినది. దానిని అట్లే ఉంచుదము. ఎవరికెంత యోగమున్న అంత దూరము పోవుదురు గాక.

తల్లులారా, తండ్రులారా! ఈ పుటలకు ఒక్క నియమము పెట్టుచున్నాను. మొదటి పుటకు పిల్లలతోపాటు ఇంటిలోని పెద్దవారిని తీసికొనిపోండి. మోకాళ్ళు ఆడుచుండగా, కన్నులు కనబడుచుండగా తీసికొనిపోండి. మెట్లు ఎక్కలేనివారు క్రింద నీడలో కూర్చుండి, దిగివచ్చిన పిల్లలను “ఏమి అగుపించిందిరా?” అని అడుగవలెను. పిల్లలు తెలుగులో చెప్పవలెను. మాట తట్టనిచోట పెద్దలు అందించవలెను. ఇంటికి వచ్చిన తరువాత చూచినదానిని తెలుగు లిపిలో ఒక్క పుట వ్రాయవలెను. తప్పులుండనీయండి. నేను ముప్పదేండ్ల వయసు దాటి దిద్దిన అక్షరములకంటె అవి వంకరగా ఉండవు.

మన సంఘమువారికి ఒక చిన్న మనవి. వచ్చే నెలలో ఒక ఆదివారము ఒక వ్యాను మాటలాడుడు. తెల్లవారకముందే కోవిల్‌పట్టినుండి బయలుదేరి, కళుగుమలై ఎక్కి దిగి, మధ్యాహ్నమునకు శ్రీవిల్లిపుత్తూరు చేరి, సాయంకాలము పాలకోవా కొనుక్కొని ఇల్లు చేరుదము. విరుదునగరు వారు శ్రీవిల్లిపుత్తూరులో మనతో కలిసికొందురు. వ్యానులో ముందు సీట్లు అవ్వలకు, తాతలకు. మొదటి రోజు ఖర్చు నాది. గోపురము ఎదుట నిలిచి అంతస్తులు లెక్కపెట్టు పనిని మాత్రము పిల్లలకు అప్పగించెదను. నేను ఒకసారి లెక్కపెట్టినాను, చాలును.

వచ్చే ఉగాది సంచికలో ఆ పిల్లలు వ్రాసిన పుటలు అచ్చు కావలెనని కోరుచున్నాను.